లెక్క మా వాడ దాకా రావాలి

మానవ హక్కుల సూచికలతో సమానత్వాన్ని కొలవాలని మంఖాల్‌లో మొదలవుతున్న ఉద్యమ ప్రణాళిక

తలసరి ఆదాయంలో రంగారెడ్డి రాష్ట్రానికే మొదటి జిల్లా. ఆ మాట గణాంకాల పుస్తకంలో అచ్చవుతుంది, సభల్లో మోగుతుంది. ఆ జిల్లాలోనే శేరిలింగంపల్లి ఉంది, గచ్చిబౌలి ఉంది, ఐటీ కంపెనీల జీతాలున్నాయి. ఆ జిల్లాలోనే మహేశ్వరం మండలం ఉంది, మంఖాల్ ఉంది, ఇక్కడి పారిశ్రామిక వాడలో కాంట్రాక్టరు కింద రోజుకూలీకి పోయే ఆడవాళ్లున్నారు. అందరి సంపాదననూ ఒక్కచోట కుప్ప పోసి తలకింత అని పంచితే తేలిన అంకె అది. ఆ పంపకం కాగితం మీదే జరిగింది. అందులోంచి మా ఇళ్లకు ఎంత వచ్చిందో ఆ అంకె చెప్పలేదు.

ఆ సగటును విప్పి చూపించడానికే మేం ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. ఎవరి బతుకు మారింది, ఎవరిది ఎక్కడ ఆగిపోయింది అన్నది కులం వారీగా, మతం వారీగా, ఆడా మగా వారీగా, స్థానికులకు వేరుగా, వలస వచ్చినవాళ్లకు వేరుగా, వాడ వాడకూ తేలాలి. సమానత్వం ఇచ్చామని చెప్పేవాళ్లు దాని ఫలితాన్ని చూపించి మాట్లాడాలి.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది. దానికోసం సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, రావిర్యాలలో ఫ్యాబ్ సిటీ వచ్చింది, మా ఊళ్లో ఫ్యాక్టరీలు వచ్చాయి. ఈ విమానాశ్రయం నుంచి ఏడాదికి 2 కోట్ల మందికి పైగా ప్రయాణిస్తున్నారు. అది లెక్కపెట్టే యంత్రాంగం ఉంది, నెలనెలా చెబుతుంది. ఆ భూములిచ్చిన ఇళ్ల పిల్లలు ఇప్పుడు ఏం పని చేస్తున్నారో, ఎంత తెచ్చుకుంటున్నారో అలాగే నెలనెలా చెప్పేవాళ్లు లేరు.

పైగా మమ్మల్ని లెక్కించే గంప పెద్దదవుతూ పోయింది. మంఖాల్ గ్రామ పంచాయతీగా ఉన్నప్పుడు గ్రామసభ ఉండేది. తుక్కుగూడ మున్సిపాలిటీలో కలిశాక గ్రామసభ పోయింది, గ్రామాలకే పరిమితమైన ఉపాధి హామీ పని పోయింది, ఆ పనితో పాటు ఊరి ముందు మస్టర్లు చదివే సామాజిక తనిఖీ కూడా పోయింది. 2025 డిసెంబర్‌లో తుక్కుగూడతో సహా 27 పట్టణ స్థానిక సంస్థలు హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిశాయి. ఇక మా పిల్లల బరువూ జూబ్లీహిల్స్ పిల్లల బరువూ ఒకే సగటులో పడతాయి. గంప ఎంత పెద్దదైతే మంఖాల్ అందులో అంత కనబడకుండా పోతుంది.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం 2012లో మానవ హక్కుల సూచికలపై ఒక మార్గదర్శిని వెలువరించింది. ఒక హక్కును మూడు చోట్ల కొలవాలని అది చెబుతుంది. మొదటిది, చట్టం ఉందా, ప్రభుత్వం మాట ఇచ్చిందా. రెండోది, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఏం చేస్తోంది, ఎంత ఖర్చు పెడుతోంది, ఎవరు తనిఖీ చేస్తున్నారు. మూడోది, మనిషి బతుకులో ఏం మారింది. దీన్ని మా పారిశ్రామిక వాడకు తెచ్చి చూడండి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ తెచ్చారు. అది మొదటి మెట్టు. ఎన్ని ఫ్యాక్టరీల్లో తనిఖీ జరిగింది, ఎన్నింటికి నోటీసులు వెళ్లాయి, అది రెండోది. పొద్దున షిఫ్టుకు వచ్చిన తల్లి తన ఏడాది బిడ్డను ఆ గదిలో వదిలి, మధ్యలో పోయి పాలిచ్చి రాగలుగుతోందా, పర్మినెంటు ఉద్యోగి బిడ్డకూ కాంట్రాక్టు కార్మికురాలి బిడ్డకూ అక్కడ ఒకే చోటు ఉందా, అది మూడోది. ప్రభుత్వాల నివేదికలు ఎక్కువగా మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతాయి. మా పని మూడోదానితో.

ఎందుకంటే రెండోదాన్నే ఫలితమని నమ్మితే ఏం జరుగుతుందో మా రాష్ట్రం కళ్లారా చూసింది. ఆరోగ్యలక్ష్మి కింద 2015 నుంచి అంగన్‌వాడీల్లో గర్భిణులకూ బాలింతలకూ రోజూ ఒక పూట నిండు భోజనం పెడుతున్నారు: అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు. మంచి పథకం. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మా రాష్ట్రంలోని 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 2015-16లో 56.6 శాతం ఉంటే, 2019-21కి 57.6 శాతమైంది. ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 28 శాతం నుంచి 33.1 శాతానికి పెరిగారు. ఎన్ని లక్షల భోజనాలు పెట్టామన్న లెక్క మరోపక్క పెరుగుతూనే వచ్చింది.

కారణాలు చాలా ఉంటాయి. ఒకటి మాత్రం మా వాడలోనే కనబడుతుంది. ఆ భోజనం మధ్యాహ్నం, కేంద్రానికి వచ్చి కూర్చుని తినాలి. పొద్దున ఏడింటికే టిఫిన్ డబ్బా పట్టుకుని షేర్ ఆటో ఎక్కి ప్యాకింగ్ పనికో, హౌస్‌కీపింగ్ పనికో పోయే ఆరో నెల గర్భిణి మధ్యాహ్నం అంగన్‌వాడీకి ఎట్లా వస్తుంది? పనికి పోకపోతే ఆ రోజు కూలీ పోతుంది. ఆమె పేరు రిజిస్టర్‌లో ఉంటుంది. నమోదు లెక్కలో ఆమె లబ్ధిదారు. ఇంకా చూడండి, ఆమె దగ్గర తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు ఉంటుంది, అందులో హిమోగ్లోబిన్‌కు గడి ఉంటుంది. గర్భం తేలిన కొత్తలో రాసిన అంకె ఒకటి, నెలలు నిండేనాటికి రాసిన అంకె ఇంకొకటి. ఆ రెండింటి మధ్య తేడాయే మాకు కావలసిన సూచిక. కొత్త సర్వే అక్కర్లేదు, కొత్త యాప్ అక్కర్లేదు. ఆ తేడాను కూలీకి పోయేవాళ్లకూ ఇంటి దగ్గర ఉండేవాళ్లకూ వేరువేరుగా, దళితవాడకూ మిగతా ఊరికీ వేరువేరుగా రాస్తే చాలు, భోజనం వేళ మార్చాలా, గుడ్డూ పాలూ ఇంటికి పంపాలా, ఫ్యాక్టరీ గేటు దగ్గరే పెట్టాలా అన్నది తేలిపోతుంది.

ఫలితంతో కొలవడం ఈ నేలకు కొత్త సంగతేం కాదు. 1990ల మొదట్లో ఇదే రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎంవీ ఫౌండేషన్ వెట్టి పిల్లల్ని విడిపించి బడికి పంపే పని చేపట్టింది. అప్పటిదాకా ప్రమాదకరమైన పనుల్లో ఉన్న పిల్లల్నే బాలకార్మికులుగా లెక్కించేవాళ్లు. పశువుల వెంట తిరిగే పిల్లవాడు, ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకుని ఉండిపోయిన ఆడపిల్ల ఆ లెక్కలోకి వచ్చేవాళ్లు కాదు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే చూడాలని ఆ సంస్థ పట్టుబట్టింది. కొలత మారేసరికి కనబడని పిల్లలంతా ఒక్కసారిగా కనబడ్డారు. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీ జరిగినప్పుడు ఊరి యువతీ యువకులే మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు, నువ్వు ఎన్ని రోజులు పని చేశావు, నీ చేతికి ఎంత వచ్చిందని అడిగారు, గ్రామసభలో అందరి ముందూ చదివారు. చేతికి ఎంత వచ్చిందన్న ఆ ప్రశ్నను ఉపాధి హామీ దాటించి, బడికీ ఆస్పత్రికీ ఫ్యాక్టరీకీ భూమికీ తీసుకుపోవడమే మా పని.

భూమి సంగతి విడిగా చెప్పాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన లావణి పట్టా (అసైన్డ్) భూములను అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది. ప్రభుత్వమే ఆ భూమిని వెనక్కి తీసుకునేటప్పుడు మాత్రం పక్కనున్న సొంత పట్టా భూమికి ఇచ్చినంత పరిహారం ఇవ్వనక్కర్లేదనే పద్ధతి నడిచింది. పక్కపక్కనే రెండు చెలకలు, మధ్యలో ఒక గట్టు, గట్టుకు అటూ ఇటూ వేరువేరు ధర. మా పొరుగునే ఉన్న చేవెళ్ల రెవెన్యూ డివిజన్ భూసేకరణ కేసులో 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దీన్ని కొట్టేసింది. అసైన్డ్ భూమి ఉన్నవాళ్లకూ పూర్తి మార్కెట్ విలువ, మిగతా యజమానులకు దక్కే ప్రయోజనాలన్నీ దక్కాలని చెప్పింది. చట్టం ముందు సమానత్వం అంటే ఇదే. ఆ తీర్పు తర్వాత ఈ ప్రాంతంలో సేకరణ జరిగిన ప్రతి చోటా గట్టుకు అటూ ఇటూ ఎకరానికి ఎంత ముట్టిందో, ఎన్నేళ్లకు ముట్టిందో పక్కపక్కన పెట్టి చూపించాలని అడుగుతున్నాం. లావణి భూములు ఎక్కువగా ఎవరి చేతుల్లో ఉన్నాయో ఊళ్లో అందరికీ తెలుసు. కాబట్టి ఆ తేడా కులాల మధ్య తేడా కూడా.

2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కులగణన మొదలుపెట్టింది. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలు కాకుండా బీసీలు 46.25 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని 2025 ఫిబ్రవరిలో తేలింది. ఆ వివరాలను పరిశీలించడానికి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి అధ్యక్షతన నియమించిన నిపుణుల బృందం 242 కులాలను 42 కొలమానాల మీద తూచి, ఏ కులం ఎంత వెనుకబడిందో చెప్పే సూచీ తయారుచేసింది. దేశంలో ఏ రాష్ట్రమూ ఇంత లోతుకు పోలేదని మా అభిప్రాయం, దాన్ని మనసారా ఆహ్వానిస్తున్నాం. అయితే కులానికి ఒక అంకె ఇచ్చాక ఆ కులం లోపల ఆడమనిషికీ మగవాడికీ ఉన్న తేడా ఆ అంకెలో కలిసిపోతుంది. మంఖాల్‌లోని మాదిగ మహిళకూ నగరంలో ఉద్యోగం చేసే మాదిగ పురుషుడికీ ఒకే సంఖ్య చాలదు. సూచీ వార్డు దాకా దిగాలి, ఇంటి పెద్ద ఒక్కణ్నే అడిగి ఇల్లంతా రాసేసుకునే అలవాటు పోవాలి. 2027 జనగణనలో కులం కూడా అడగబోతున్నారు. అప్పటికి ఈ మాట గట్టిగా వినబడాలి.

అంకెల్ని గుడ్డిగా నమ్మమని మేం ఎవరికీ చెప్పం. ఒక ఏడాది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు పెరిగాయంటే దౌర్జన్యాలు పెరిగాయనే అనుకోనక్కర్లేదు, ఠాణా గడప తొక్కే ధైర్యం పెరిగి ఉండొచ్చు. ఒక్క కేసూ లేని ఊళ్లో భయం రాజ్యమేలుతూ ఉండొచ్చు. అందుకే కేసుల లెక్క పక్కనే ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపినవి ఎన్ని, రాజీకి ఒత్తిడి చేసినవి ఎన్ని, శిక్ష దాకా పోయినవి ఎన్ని అని అడుగుతాం. అద్దెకు ఇల్లు అడిగితే పేరు చూసి లేదన్నవాళ్ల సంగతీ, ఊరి శ్మశానంలో చోటు దొరకని సంగతీ ఏ శాఖ రిజిస్టర్‌లోనూ ఉండవు. వాటిని మాటల్లోనే రాసుకుంటాం, అంకెలంత గౌరవం వాటికీ ఇస్తాం. ఇంకొకటి, అందరి అంకెలూ పైకి పోతున్నాయని చూపించి మమ్మల్ని ఒప్పించలేరు. రెండు వాడల మధ్య దూరం తగ్గిందా పెరిగిందా అన్నదే మేం చూస్తాం.

ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మారింది. జనాభా దామాషాలో డబ్బు కేటాయించాలన్న ఆ పోరాటం గొప్పది. ఆ చట్టాన్ని రూపాయి దగ్గర ఆగనివ్వకుండా ముందుకు నెట్టాలి. దాని కింద ఖర్చయిన ప్రతి పద్దు పక్కన ఎవరి బతుకులో ఏం మారిందన్న గడి తప్పనిసరిగా ఉండాలని డిమాండ్ చేస్తున్నాం. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం ఇల్లు, వైద్యం, తిండి, నీళ్లు, చదువు హక్కుల కోసం ఏం చేశారో ఏటా చెప్పమని ప్రభుత్వ విభాగాలను అడిగే బాధ్యతను అక్కడి మానవ హక్కుల కమిషన్‌కు అప్పగించింది. భారతదేశం ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో 1979లోనే చేరింది. మన రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఫిర్యాదుల కోసం ఎదురుచూడటంతో సరిపెట్టుకోకుండా అలా ఏటా అడగాలి. ప్రభుత్వ భూమి, ప్రభుత్వ రాయితీ పొందిన ప్రతి సంస్థా, విమానాశ్రయంలో, పారిశ్రామిక వాడల్లో కాంట్రాక్టు తీసుకున్న ప్రతి ఏజెన్సీ, తన దగ్గర పర్మినెంటు ఎవరు, కాంట్రాక్టు ఎవరు, ఆడవాళ్లెందరు, భూములిచ్చిన ఊళ్లవాళ్లెందరు, ఎవరి చేతికి ఎంత జీతం అన్నది పేర్లు లేకుండా గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో, హిందీలో పెట్టాలి.

ఇతరుల్ని అడిగే ముందు మా లెక్క మేం మొదలుపెడతాం. మొదటి ఏడాది ఐదే విషయాలు: గర్భిణి హిమోగ్లోబిన్‌లో తేడా, పదో తరగతి పాసై ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు, ఆడ కూలీకి చేతికందే రోజు జీతం, భూమి పరిహారం, జబ్బు చేస్తే వైద్యం దాకా పోవడానికి పట్టే వేళా ఖర్చూ. ఆడవాళ్ల సంగతులు ఆడవాళ్లే అడుగుతారు. పేర్లు రాసుకోం. కులం, మతం ఎవరికి వాళ్లు చెప్పిందే రాస్తాం, చెప్పనంటే ఆ గడి ఖాళీగా వదిలేస్తాం. వాడలో రెండిళ్లే ఉన్న కులం అంకెను విడిగా ప్రకటించం, అంకె చూస్తే ఇల్లు దొరికిపోతుంది కాబట్టి. ఒక్క గదిలో నలుగురైదుగురుగా ఉండే బిహార్, ఒడిశా కార్మికుల్నీ అడుగుతాం, వాళ్ల భాష వచ్చినవాళ్లను వెంట తీసుకుపోతాం. వాళ్ల ఓటు ఇక్కడ లేకపోవచ్చు, హక్కులు మాత్రం వాళ్ల వెంటే ఉంటాయి.

ప్రతి ఏటా డిసెంబర్ 10న, మానవ హక్కుల దినం నాడు, ఆ అంకెల్ని మంఖాల్‌లో బహిరంగంగా చదువుతాం. చదివేది లెక్క రాసిన ఆడవాళ్లే. మున్సిపల్ అధికారులనూ, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లనూ, ఫ్యాక్టరీల యాజమాన్యాలనూ పిలుస్తాం. వాళ్లు వచ్చినా రాకపోయినా చదవడం ఆగదు. తప్పు చూపిస్తే అక్కడే దిద్దుతాం. జవాబుకు 30 రోజుల గడువిస్తాం. జవాబు రాని ప్రతి ప్రశ్నకూ 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేస్తాం. ఈ పనికి రావాలంటే డిగ్రీ అక్కర్లేదు, పార్టీ సభ్యత్వం అడ్డు కాదు. తుక్కుగూడ, రావిర్యాల, మహేశ్వరం, శంషాబాద్ ఊళ్లవాళ్లు తమ వాడ లెక్క తామే మొదలుపెట్టుకోవచ్చు. మా ప్రశ్నల పత్రం ఇస్తాం, అడిగే పద్ధతి నేర్పడానికి మేమే వస్తాం.