మన ఇంటి గడపకు కాపలా ఎవరు?

ఇల్లు అనగా నాలుగు గోడలును పైకప్పును మాత్రమే కాదు. బయటి లోకమునకు చెప్పనక్కరలేని మాట చెప్పుకొనుటకును, చూపనక్కరలేని కన్నీరు విడుచుటకును మనుష్యునకు మిగిలిన చోటు అది. తెలుగునాడు వెలుపల తరతరములుగా స్థిరపడిన మనబోటి వారికి ఇల్లు మఱియొక విధముగా కూడ ముఖ్యమైనది. బరంపురములో కచేరి భాష ఒడియా, షోలాపురములో మరాఠీ, బళ్లారిలో కన్నడము, హోసూరులో తమిళము. ఆ భాషలలో మనము చదువుకొంటిమి, వ్యాపారములు చేసితిమి, స్నేహములు సంపాదించితిమి. వానిపై మనకు ద్వేషము లేదు. కాని మన తెలుగు మాత్రము ముఖ్యముగా గడప లోపలనే బ్రదికియున్నది. అట్టి గడప లోపలికి, మన అనుమతిని నామమాత్రముగా పుచ్చుకొని, ఒక పరాయి కన్ను వచ్చి కూర్చున్నది. దానిని మనమే డబ్బిచ్చి కొని, గోడకు తగిలించి, దాని యెదుట కుర్చీలు వేసికొని కూర్చుండుచున్నాము. స్మార్టు టెలివిజను అని దాని పేరు.

ఈ వ్యాసమునకు కారణము మా యింట జరిగిన యొక చిన్న సంగతి. పాత టెలివిజను చెడిపోగా మా తల్లిగారి కోసమై క్రొత్తది కొంటిమి. దుకాణమునుండి వచ్చిన కుఱ్ఱవాడు దానిని గోడకు బిగించి, రిమోటు చేతబట్టి, తెరపై పుటలు పుటలుగా వచ్చుచున్న సన్నని ఇంగ్లీషు అక్షరములను చూడకయే, ‘అన్నిటికి సమ్మతి’ అను మీటను నొక్కివైచెను. మా తల్లిగారు ఎనుబదేండ్ల మనిషి. ఆమె అడిగినది:

“అందులో ఏమి రాసుంది నాయనా?”

“ఏం లేదమ్మా. అన్నిటికీ ఒప్పుకుంటేనే టీవీ నడుస్తుంది.”

“ఒక గది అద్దెకిచ్చినా కాగితం చదివించుకుని సంతకం పెడతాం గదా. ఇల్లంతా ఒప్పుకునేదానికి చదవనక్కరలేదా?”

కుఱ్ఱవాడు నవ్వి వెడలిపోయెను. అతని తప్పు లేదు. దినమునకు పదిండ్లు తిరుగవలసిన వాడు. నాకు మాత్రము సిగ్గు కలిగినది. ఆ రాత్రి కూర్చుండి ఆ పుటలను మరల తెఱచి చదివితిని. తెరపై మేము చూచునదెల్ల ఆ యంత్రము గుర్తించునట. ఆ సమాచారమును ప్రకటనల కొఱకై ఇతర సంస్థలతో పంచుకొనునట. దానికి మేము సంతోషముతో సమ్మతించితిమట! మఱునాటి ఉదయము టెలివిజను పెట్టగానే, ఏ కార్యక్రమమును కోరకమునుపే, తెరలో సగము మేర ప్రకటన యొకటి ప్రత్యక్షమైనది. తొమ్మిదేండ్ల మా మనుమరాలు దానినే చూచుచు నిలిచినది.

టెలివిజను మన దేశమునకు క్రొత్త గాదు. 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రసారములు మొదలైనవి. 1975-76 లో ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా మొదలగు ఆఱు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు పంపిరి. ఆ కాలపు పెట్టె చెప్పెను, మనము వింటిమి. మనమేమి వినుచున్నామో, ఎవరు నిద్రపోయిరో, ఎవరు లేచి వెడలిరో దానికి తెలియదు. నేటి పెట్టె అట్టిది కాదు. అది చూపుచునే చూచును.

ఎట్లు చూచునో తెలిసికొనుట కష్టము కాదు. తెరపై కదలు బొమ్మలనుండి ఆ యంత్రము క్షణక్షణమునకు చిన్న నమూనాలు తీసి, వానినుండి వేలిముద్రవంటి గుర్తు నొకదానిని తయారుచేసి, దూరముననున్న యంత్రశాలకు పంపును. అచ్చట వేలకొలది కార్యక్రమముల గుర్తులు ముందే నిలువయుండును. రెండును సరిపోల్చగానే ఈ యింటివారు ఈ వేళ ఈ కార్యక్రమమును చూచుచున్నారని తేలిపోవును. దీనికి ‘ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్’ అని పేరు పెట్టిరి. 2024లో లండను, మాడ్రిడు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముల పరిశోధకులు పరీక్షించి చూడగా, టెలివిజనును కేవలము తెరగా వాడుకొని, వేఱొక యంత్రమును తీగెతో దానికి తగిలించినప్పుడు సైతము ఈ గుర్తింపు సాగుచుండినది. అనగా మీ కంప్యూటరును దానికి తగిలించి చూచుకొన్నను తప్పించుకొనలేరు.

ఇది అపోహ యనువారికి విదేశపు న్యాయస్థానముల చరిత్ర సమాధానము చెప్పును. అమెరికాలో విజియో అను సంస్థ 2014 ఫిబ్రవరినుండి తన టెలివిజనులు చూచువారికి తెలియకుండ, వారు చూచుదానిని క్షణక్షణము సేకరించినదని అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆరోపించినది. అట్టి టెలివిజనులు 1 కోటి 10 లక్షలు. చూచిన వివరములకు ఇంటివారి వయస్సు, ఆదాయము, వివాహస్థితి మొదలగునవి కూడ జతపడినవని ఆరోపణ. 2017 ఫిబ్రవరిలో ఆ సంస్థ 22 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని వ్యాజ్యమును పరిష్కరించుకొన్నది. 2015లో శాంసంగు సంస్థ తన నియమావళిలోనే, మాటతో నడుచు టెలివిజను ఎదుట సొంత విషయములు మాటలాడినచో అవియు మూడవ పక్షమునకు చేరవచ్చునని వ్రాసియుండుట బయటపడి పెద్ద అలజడి రేగినది. 2025 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రపు అటార్నీ జనరల్ శాంసంగు, సోనీ, ఎల్‌జీ, హైసెన్సు, టీసీఎల్ అను ఐదు సంస్థలపై ఇదే విషయమున దావాలు వేసెను. ఆ పేర్లలో ఒకటైనను మన బంధువుల ఇండ్లలో లేదా?

ఇక మన దేశమున ఈ హక్కు ఎచ్చటినుండి వచ్చినదో తెలిసికొన్నచో ప్రతి తెలుగువాడును గర్వింపవచ్చును. ఉత్తరప్రదేశములో ఖరక్ సింగు అను నతని ఇంటికి పోలీసులు రాత్రివేళ వచ్చి తలుపు తట్టి లేపుచుండెడివారు. ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టునకు వచ్చి 1962లో తీర్పు వెలువడినది. రాత్రి సోదాలు చెల్లవని న్యాయమూర్తులు చెప్పిరి. కాని గోప్యత రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకుల అభిప్రాయము. అప్పుడు భిన్నాభిప్రాయము వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించి, మద్రాసులో న్యాయవాదియై, న్యాయమూర్తియై, ఆంధ్ర హైకోర్టు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు. రాజ్యాంగమున గోప్యత యను మాట లేకపోయినను, వ్యక్తిస్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని వారు స్పష్టము చేసిరి. ఏబదియైదేండ్లు గడచినవి. కర్ణాటక హైకోర్టు పూర్వన్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమికహక్కు అని తీర్పు చెప్పి, సుబ్బారావుగారి మార్గమే సరియైనదనిరి. నాడు తలుపు తట్టినది లాఠీ. నేడు తట్టనక్కరలేకయే లోపలికి వచ్చినది మీట. భేద మింతియే.

ఆ తీర్పు ప్రధానముగా ప్రభుత్వమునకు హద్దు గీచినది. వర్తకులకు హద్దు గీచుటకు 2023లో డిజిటలు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమములు ప్రకటింపబడినవి. ముఖ్యమైన బాధ్యతలు ఆపైన పదునెనిమిది మాసములకు అమలులోనికి రావలెనని విధించిరి. ఈ చట్టమున మనకు ముఖ్యమైన సంగతులు నాలుగు. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టముగా, షరతు లేకుండ, తెలిసి యిచ్చినదై యుండవలెను. ఇచ్చినంత సులభముగా దానిని వెనుకకు తీసికొనగలుగవలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల నడవడిని వెంబడించుటయు, వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపుటయు కూడదు. నాలుగవది మనము కన్నులకద్దుకొనవలసినది: సమ్మతి నడుగు పత్రమును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొను వీలు కల్పింపవలెను. తెలుగు ఆ షెడ్యూలులోని భాష. ఈ హక్కునకు రాష్ట్రపు ఎల్లలు లేవు. షోలాపురపు నేతగాని కుటుంబమునకును, మదురలోని వర్తకునకును, యానాములోని ఉపాధ్యాయునకును ఇది సమానమే. పాఠశాలలో తెలుగు కొఱకు, గ్రంథాలయమున తెలుగు పుస్తకము కొఱకు అర్జీలు వ్రాసి వ్రాసి అలసిన మనము, చట్టమే చేతికిచ్చిన ఈ హక్కును అడుగకుండుట ఏమి న్యాయము?

దీనికి ఎదురుచెప్పువారి మాటలు నేనెఱుగుదును. ‘మనకు దాచుకొనవలసినదేమున్నది?’ అందురు. దాచుకొనుట వేఱు, గుట్టు వేఱు. దొంగసొత్తును దాచుకొందురు, సంసారమును గుట్టుగా నడుపుకొందురు. మూత్రపిండముల జబ్బును గూర్చిన కార్యక్రమమును ఒక యింటివారు వారము దినములు వరుసగా చూచినచో, అచ్చట రోగి యున్నాడని ఊహించుటకు పెద్ద తెలివి అక్కరలేదు. అప్పులను గూర్చి, పిల్ల పెండ్లిని గూర్చి, మతమును గూర్చి, రాజకీయములను గూర్చి చూచినదంతయు అట్టిదే. ఇరుగుపొరుగువారికి మనము చెప్పని సంగతి ఎఱుగని వర్తకునకు ఏల చెప్పవలెను?

‘ప్రకటనల మూలమున టెలివిజను చవకగా వచ్చుచున్నది’ అందురు. చవక యగుట నిజమే కావచ్చును. కాని మిగిలిన వెల ఎవరు చెల్లించుచున్నారు? పైని చెప్పిన విజియో సంస్థయే 2021 మూడవ త్రైమాసికమున ప్రకటించిన లెక్కలలో, పెట్టెలు అమ్మగా వచ్చిన స్థూలలాభముకంటె ప్రకటనలు మొదలగువాని వలన వచ్చినది ఎక్కువ. 2024లో వాల్‌మార్టు 230 కోట్ల డాలర్లకు ఆ సంస్థను కొన్నది. కాబట్టి అమ్ముడుపోవుచున్నది పెట్టె మాత్రమే కాదు. దాని యెదుట కూర్చున్న కుటుంబము కూడ.

‘జేబులోని ఫోను చేయుచున్నదే గదా’ అను వారును కలరు. ఫోను ఒకరి చేతిది. దానిపై సమ్మతి ఆ యొకరిది. టెలివిజను ఇంటిల్లపాదిది. ఒకడు మీట నొక్కగా ముసలితల్లియు, పసిబిడ్డయు, పండుగకు వచ్చిన బంధువును అందఱును సంతకము చేసినట్లగుచున్నది. ఒక తప్పు ఉన్నదని రెండవ తప్పును ఒప్పుకొనుట తర్కమునకు నిలువదు.

నాలుగవ వాదము మనలోనివారిదే. అది కొంత ఆలోచింపదగినది. ‘మనము చూచునది వారికి తెలిసిననే గదా, మహారాష్ట్రములోను ఒడిస్సాలోను తెలుగువారున్నారని గుర్తించి తెలుగు కార్యక్రమములు చూపుదురు!’ లెక్కలోనికి రావలెనను మన ఆరాటము న్యాయమైనదే. కాని జనాభా లెక్కలవాడు తలుపు తట్టి, మనలను అడిగి, మన నోటితో మాతృభాష చెప్పించుకొని వ్రాసికొనును. టెలివిజను ప్రేక్షకులను లెక్కించు సంస్థ కూడ ఇంటివారి అనుమతితోనే వారి ఇంట మీటరు పెట్టును. అడిగి లెక్కించుట మర్యాద. అడుగక లెక్కించుట దొంగతనము. మన భాషకు గుర్తింపు కావలెనన్న సభలలో, పాఠశాలలలో, పత్రికలలో కోరుదము. పడకటింటి సంగతులు అమ్మి కొనుక్కొనరాదు.

కావున మనము చేయవలసిన పనులు కలవు. క్రొత్త టెలివిజను వచ్చినప్పుడు సమ్మతి మీటను ఇంటిపెద్దయే నొక్కవలెను, చదివిన పిమ్మటనే నొక్కవలెను. ఇదివరకే నొక్కియుంటిమేని సెట్టింగులలోనికి పోయి త్రిప్పవచ్చును: శాంసంగులో ‘వ్యూయింగ్ ఇన్‌ఫర్మేషన్ సర్వీసెస్’, ఎల్‌జీలో ‘లైవ్ ప్లస్’ అను పేర్లతో ఈ గుర్తింపు దాగియుండును, ఇతర సంస్థలలో పేరు వేఱైనను ‘ప్రైవసీ’ అను శీర్షిక క్రిందనే సాధారణముగా దొరకును. ప్రకటనలను మన అభిరుచినిబట్టి చూపుటను ఆపుటకును అచ్చటనే వీలుండును. మైకును మూయవచ్చును, కెమెరా యున్నచో గుడ్డ కప్పవచ్చును. కేబులు పెట్టెతోనో డిష్షుతోనో మాత్రమే చూచువారు టెలివిజనునకు ఇంటర్నెట్టు కలుపనే అక్కరలేదు. ఇది అన్నిటికంటె సులభమైన తాళము.

ఒక్కొక్క ఇల్లు ఒంటరిగా చేయలేని పనిని సంఘము చేయవలెను. ప్రతి ఊరిలోను మన సంఘపు యువకులు ఉగాదికి ఇండ్లకు వచ్చినప్పుడు, పంచాంగశ్రవణమునకు పిలుచుటతోబాటు, వృద్ధుల ఇండ్లలో ఈ మీటలు సరిచేసి రావలెను. టెలివిజను తయారుచేయు సంస్థలకు మన సంఘములు తెలుగులోనే లేఖలు వ్రాసి, సమ్మతి పత్రమును తెలుగులో చూపుడని కోరవలెను. ఒప్పుకొననిదే నడువదను పెట్టెను కొనమని దుకాణముల వారికి స్పష్టముగా చెప్పవలెను. షరతు పెట్టి పుచ్చుకొన్న సమ్మతి సమ్మతి కాదని ప్రభుత్వమునకు విన్నవింపవలెను.

మా తల్లిగారి టెలివిజనులో ఆ మీటలన్నియు నేను త్రిప్పివైచితిని. అది చక్కగానే నడుచుచున్నది! ఒప్పుకొననిదే నడువదన్న మాట వట్టిదని తేలినది. ప్రకటనలు పూర్తిగా పోలేదు. ఆ పోరాటము ఇంకను మిగిలియున్నది. కాని ఇప్పుడామె పురాణము వినుచు మధ్యలో నాతో చెప్పు మాట నాకు మాత్రమే చెప్పిన మాట.

మన పెద్దలు పరాయినేలపై ఇండ్లు కట్టునప్పుడు మొట్టమొదట గడప నిలిపి పసుపు పూసి బొట్టు పెట్టిరి. గడప అనగా లోపలిది వేఱు, వెలుపలిది వేఱు అని చెప్పు గీత. భాషను ఆ గీత కాచినది; మానమును ఆ గీత కాచినది. దానిని మన చేతులతో మనమే చెఱిపివేయుదమా?