హిజ్రాలను పిలిచే తీరు మారేనా?

సీతారామపురం: ఉదయగిరి, సీతారామపురం పల్లెల్లో ఇద్దరు పోట్లాడుకుంటే నోట వచ్చే తిట్లలో ‘కొజ్జా’ ఒకటి. తిట్టు పడిన మగవాడికి కోపం వస్తుంది, సాయంత్రానికి మరచిపోతాడు. పుట్టినప్పుడు మగపిల్లవాడని రాసినా, ఊహ తెలిసిననాటి నుంచి స్త్రీగానే బతకగోరే వారికి మాత్రం ఆ మాటే ఇంటిపేరై కూర్చుంటున్నది. మగవాడిని ఇష్టపడే మగవాడినీ ఇదే మాటతో కొడతారు. అది వేరు, ఇది వేరు. ఇష్టపూర్వకంగా కలిసిన ఇద్దరు వయోజనులది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ జిల్లాకు ఇది కొత్త సంగతేమీ కాదు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వాన్ని తెలుగు చేశారు. అందులో అర్జునుడు బృహన్నల అనే పేడిగా ఉత్తరకు ఆటపాటలు నేర్పాడు. బృహన్నల కథకు చేతులు జోడించే మనమే, వీధిలో వెళ్లే మనిషిని చూసి ఈల వేస్తున్నాం. స్త్రీ పాత్రలు వేసిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. అయితే నటుడి వేషం తెల్లవారేవరకే, వీరిది బతుకు.

భాషలోనూ ఒక చిక్కు ఉన్నది. మగవాడు ‘వచ్చాడు’. ఆడమనిషి, గేదె, బస్సు మాత్రం మూడూ ‘వచ్చింది’. అందుకే హిజ్రాను ‘వాడు’ అన్నా, ‘అది’ అన్నా చులకనే. కానీ పంతులు గారికీ, డాక్టరమ్మకూ కలిపి వాడే ‘వారు వచ్చారు’ అనే మాటలో ఆడ, మగ తేడా లేదు. ఇంగ్లీషు వారు ఇటువంటి మాట కోసం ఇంకా తగవులాడుకుంటున్నారు. మనకు ఊరికే దొరికినదాన్ని వాడటం లేదు.

పత్రికలూ తక్కువ తినలేదు. ఒకరు తప్పు చేస్తే ‘హిజ్రాల ఆగడాలు’ అని శీర్షిక పెడతారు. ఒక రైతు దొంగతనం చేస్తే ‘రైతుల ఆగడాలు’ అని ఎవరూ రాయరు.

కోర్టులు ముందుకు నడిచాయి. తాము స్త్రీయో, పురుషుడో, మూడవ వర్గమో చెప్పుకునే హక్కు వారిదేనని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు అన్నది. స్త్రీ వేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకునే వీలిచ్చిన నిజాం కాలపు చట్టాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. 2025 జూన్‌లో పొరుగున ఉన్న ఒంగోలు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పిల్లలు కనలేరన్న కారణంతో ట్రాన్స్‌జెండర్ మహిళను స్త్రీ కాదనడం చెల్లదనీ, భర్త వేధింపులపై ఆమె ఫిర్యాదు చేయవచ్చనీ తేల్చింది. తగిన వివరాలు లేవని ఆ కేసును మాత్రం కొట్టివేసింది.

రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ల పింఛను 2024 జులైలో నెలకు 4,000 రూపాయలైంది. పేదవారికి అది చిన్న మొత్తం కాదు. 2019 చట్టం ప్రకారం గుర్తింపు ధ్రువపత్రం ఇచ్చేది జిల్లా కలెక్టరు. 2020లో దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టుకునే వీలు కల్పించారు. నెల్లూరుకు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సీతారామపురం వారికి ఇది మేలే. అయితే దరఖాస్తు నింపించుకోవాలంటే కంప్యూటరున్న దుకాణానికి వెళ్లాలి. అక్కడ బెంచీ మీద కూర్చున్న వారంతా తెలిసినవారే.