నడకకు కాళ్ళొక్కటే చాలవు

"ఈ వయసులో కొండలూ కోనలూ ఏమిటి వదినా? హాయిగా మనవణ్ణి ఆడించుకుంటూ ఇంటిపట్టున ఉండక!" అంది మా వియ్యపురాలు ఫోనులో. ఆవిడ అనడంలో తప్పేం లేదు. అమెరికా వెళ్ళే అమ్మమ్మలూ నాన్నమ్మలూ చేసే పనేమిటో మనకందరికీ తెలిసిందే. వంటా వార్పూ, పచ్చళ్ళూ, పసివాడి పెంపకం, ఆర్నెల్లు నిండగానే తిరుగు విమానం. నేనూ అందుకే వెళ్ళాను. కానీ ఆ ఆర్నెల్లలో రెండుసార్లు ఎడారిలో జలపాతం చూడ్డానికి నడిచాను. మొదటిసారి చూడకుండానే తిరిగొచ్చాను. ఆ తిరిగి రావడం గురించే ఈ నాలుగు మాటలు.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది ఆరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో. సొనోరన్ ఎడారి మధ్యనున్న ఊరు. ఎడారి అంటే ఇసుక దిబ్బలూ ఒంటెలూ అనుకుని వెళ్ళాను. తీరా చూస్తే ఎటు చూసినా రాతి కొండలు, వాటి నిండా చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లా సవారో అనే జెముడు చెట్లు. అక్కడ తరతరాలుగా ఉంటున్న తొహోనో ఓధమ్ జనం జూన్ ఆఖర్లో ఆ చెట్ల పళ్ళు కోస్తారు. ఆ పళ్ళకోతే వాళ్ళకు ఉగాది, ఆ వెనకే వానలు. ఏడాదికి పడేది సుమారు 11 అంగుళాలే. కరువు జిల్లా అని పేరుపడ్డ మా అనంతపురంలోనే అందుకు దాదాపు రెట్టింపు పడుతుంది. మన చేలగట్ల మీది నాగజెముడుకు పుట్టిల్లు అమెరికా ఖండమేనట. దారిపక్కన దాన్ని చూడగానే మా ఊరి మనిషి ఎదురుపడ్డట్టనిపించింది.

టూసాన్‌కు ఈశాన్యాన శాంటా కాటలీనా కొండలు. అందులో బేర్ కాన్యన్ అనే లోయ, దాని లోపల సెవెన్ ఫాల్స్ అనే జలపాతం. ఏడాది పొడుగునా దూకేది కాదు. చలికాలం వానలకూ, కొండ మీద మంచు కరిగినప్పుడూ, మళ్ళీ ఎండాకాలం చివర వచ్చే మాన్సూన్ వానలకూ నిండుగా పారుతుంది. మిగతా రోజుల్లో రాళ్ళూ, గుంటల్లో కాసిని నీళ్ళూ. అచ్చం మన వంకల్లాగే. సబీనో కాన్యన్ సందర్శకుల కేంద్రం నుంచి నడిస్తే రానూపోనూ సుమారు 8 మైళ్ళు. అంటే 13 కిలోమీటర్లు. దారి మళ్ళీ మళ్ళీ వాగును దాటుతూ పోతుంది. రాళ్ళ మీద కాలు నిలదొక్కుకుని దాటాలి.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఆదివారం బయల్దేరాం. అల్లుడు, అతని స్నేహితులు ముగ్గురు, అమ్మాయి, నేను. రెండేళ్ళ మనవణ్ణి అల్లుడు వీపున సంచీలో కూర్చోబెట్టుకున్నాడు. నాకు కొత్త బూట్లు, చుడీదారు. తలొక రెండు సీసాల నీళ్ళు.

ఇక్కడో మాట సిగ్గుపడకుండా చెప్పాలి. నేను పొద్దుటి కాఫీ తప్ప చుక్క నీళ్ళు ముట్టలేదు. ఎందుకో ఆడవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. దారిలో మరుగుదొడ్డి ఉండదు, తోడున్నది మగపిల్లలు. గంట నడిచేసరికి తల దిమ్మెక్కింది. నాలిక పిడచకట్టింది. అమ్మాయికి చెబుదామని చూస్తే దాని సీసాలు కూడా నిండుగానే ఉన్నాయి! ఆరేళ్ళుగా ఆ ఎండల్లో ఉంటూ, కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న పిల్ల. "నువ్వూనా?" అన్నాను. తల వంచుకుని నవ్వింది. దేశం మారింది, చదువు మారింది, ఉద్యోగం వచ్చింది. దాహం దాచుకోవడం మాత్రం నా దగ్గర్నుంచి దానికి అలాగే వచ్చింది.

మూడోసారో నాలుగోసారో వాగు దాటేటప్పుడు చూశాను. మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. ఎగువన కొండ మాత్రం నల్లబడింది. నీళ్ళ రంగు మారింది. పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నాయి. చిన్నప్పుడు మా ఊళ్ళో చినుకు పడకుండానే వంక వచ్చేది. ఎగువన కురిస్తే చాలు. నాకు విషయం అర్థమైంది. అయినా పది నిమిషాలు నోరు పెగల్లేదు. సరదాగా వెళ్తున్న పిల్లలకు అడ్డు చెప్పడమా? అందులోనూ అల్లుడి ముందు! చివరికి ఎలాగో, "బాబూ, ఇక వెనక్కి పోదాం" అన్నాను.

"ఇంకో అరగంటే ఆంటీ! ఇంతదూరం వచ్చి..." అన్నాడొకడు. "ఆంటీకి కాళ్ళు నొప్పులనుకుంటా. ఇక్కడ నీడలో కూర్చోబెట్టి మనం వెళ్ళొద్దాం" అన్నాడు ఇంకొకడు, మర్యాదగానే. నేను చెప్పింది వాగు గురించి. వాళ్ళకు వినబడింది నా కాళ్ళ గురించి. అల్లుడు ఒకసారి కొండ వైపు చూశాడు, ఒకసారి వీపున ఉన్న పిల్లాడిని తడుముకున్నాడు. "అత్తయ్య చెప్పింది నిజమే, పదండి" అన్నాడు. గొణుక్కుంటూ అందరూ తిరిగారు. వచ్చేటప్పుడు చీలమండ తడిసిన చోట, తిరిగి వెళ్ళేటప్పుడు మోకాలి దాకా వచ్చింది. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని దాటాం. ఆ తర్వాత ఎవరూ గొణగలేదు.

ఇంకో అరగంట ముందుకు వెళ్ళుంటే ఏమయ్యేది? ఏమీ కాకపోయి ఉండొచ్చు. అప్పుడు ఆంటీ పిరికిది. ఏదైనా జరిగుంటే, "తెలిసినదానివి ముందే చెప్పొచ్చుగా!" ఆడదాని హెచ్చరికకు ఈ రెండు బహుమానాలే కదా ఎప్పుడూ! 1981 జూలైలో అదే టూసాన్ పక్కన టాంక్ వెర్డె జలపాతం దగ్గర ఉన్నట్టుండి వచ్చిన వరదలో 8 మంది కొట్టుకుపోయారని తర్వాత తెలిసింది. వాళ్ళూ సరదాగా వెళ్ళినవాళ్ళే.

అప్పట్నుంచీ నాకు ఒకటే ఆలోచన. నడకకు కాళ్ళొక్కటే చాలవు, నోరు కూడా కావాలి. దాహమేస్తోంది, పక్కకు వెళ్ళాలి, వెనక్కి పోదాం. ఈ మూడు మాటలూ మనం ఎన్నిచోట్ల మింగేస్తున్నాం? బడిలో మరుగుదొడ్డి సరిగా లేదని ఆడపిల్ల పొద్దుట్నుంచీ నీళ్ళు తాగదు. రాత్రి బస్సెక్కే ఇల్లాలు మధ్యాహ్నం నుంచే నాలిక కట్టేసుకుంటుంది. డ్రైవరు నిద్రతో తూలుతున్నాడని తెలిసినా వెనక సీట్లో ఆవిడ మాట్లాడదు. ఇదంతా ఓర్పు అని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఇది ప్రమాదమనే అనిపిస్తోంది.

అలాగని మా వియ్యపురాలు అన్నట్టు ఇంటిపట్టున ఉండిపోవాలా? వెళ్ళకపోతే నోరు తెరవడం ఎక్కడ నేర్చుకుంటాం?

అందుకే ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాం. ఈసారి పిల్లాణ్ణి వాళ్ళ నాన్నకు అప్పగించి అమ్మాయి, ఆఫీసులో దాని స్నేహితురాళ్ళిద్దరు, నేను. కారెక్కగానే అమ్మాయి మూడు షరతులు చెప్పింది. నీళ్ళు దాచుకోకుండా తాగాలి, సగం అయిపోగానే తిరిగేయాలి. పక్కకు వెళ్ళాలంటే చెప్పాలి, మిగతావాళ్ళు కాపలా ఉంటారు. వాగుకు 200 అడుగులన్నా దూరం వెళ్ళాలి, వాడిన కాగితం సంచీలో వెనక్కి తేవాలి. ఎవరు తిరిగిపోదామన్నా ఎందుకని అడగకుండా అందరూ తిరగాలి. చూశారా, ఎంత చిన్న ఏర్పాటో! దారంతా నా తల ఒక్కసారి కూడా దిమ్మెక్కలేదు.

జలపాతం మెట్లు మెట్లుగా ఉంది. ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి నీళ్ళు జారుతున్నాయి. కాళ్ళు పెడితే జివ్వుమంది. చిన్నప్పుడు ఎండాకాలం వస్తే చంకన బిందెతో మైళ్ళు నడిచినదాన్ని. నీళ్ళ కోసం నడవడం నాకు కొత్త కాదు. బిందె లేకుండా నీళ్ళ దగ్గరికి నడవడం మాత్రం అదే మొదలు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఎవరూ తొందర పెట్టలేదు.

వానలు పడ్డాక మీరూ తలకోనకో, కుంటాలకో బయల్దేరతారు. తప్పకుండా వెళ్ళండి. అయితే పులిహోర పొట్లాలు కట్టుకునే ముందు, ఇంటిల్లిపాదీ కూర్చుని మా అమ్మాయి పెట్టిన షరతులు మీరూ పెట్టుకోండి. మగవాళ్ళకూ మగపిల్లలకూ ఒక్క మాట. మీతో వచ్చిన ఆడమనిషి "ఇక చాలు, తిరిగిపోదాం" అంటే ఆమె కాళ్ళ వంక చూడకండి. ఆమె చూస్తున్న వైపు చూడండి.