ముందు పరఖ్, తర్వాతే తాళం

పాశమైలారం, పటాన్‌చెరు షెడ్లలో లేత్ ముందు నిలబడే కారీగర్‌కు హునర్ బోలెడు, కాగజ్ సున్నా. ఒక్క బిగింపు మార్చి గంట పనిని పది నిమిషాలకు దించుతాడు. పేటెంటు అడిగితే 'ఇందులో కొత్తేముంది' అంటారు. ఇలాంటి చిన్న ఉపాయాలకే జర్మనీలో 1891 నుంచి యుటిలిటీ మోడల్ ఉంది. చైనాలో 10 ఏళ్ల హక్కు. మన సర్కారు 2011లో చర్చాపత్రం వేసింది, కానూన్ మాత్రం తేలేదు.

తేవాలనే నేనూ అంటాను. కానీ నిజంగా కొత్తదేనా అని లోతుగా చూడకుండానే అక్కడ రిజిస్టరు చేస్తారు. అలాంటి కాగజ్‌తో నేరుగా అదాలత్‌కెళ్లి ఇంజంక్షన్ తెచ్చుకునే దారి మాత్రం వద్దు.

మామూలు పేటెంట్లకే దిక్కులేదు. లేత్ మీద గిన్నెలు బిగించే సాధనానికి 1951 నాటి పేటెంటు పట్టుకుని హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్ దావా వేసింది. అది ఆవిష్కరణే కాదని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1978 వచ్చింది.

మధ్యంతర స్టేకి చూసేవి మూడు: పైకి కేసు ఉందా, ఎవరికి ఎక్కువ ఇబ్బంది, పూడ్చలేని నష్టమా. పెద్ద కంపెనీకి నష్టమంటే లెక్కల పుస్తకంలో ఒక గీత. కిరాయి షెడ్‌లో ఆరుగురితో నడిపేవాడికి? స్టే పడితే శనివారం కూలీ ఆగుతుంది, బ్యాంకు కిస్తు ఆగదు. ఎప్పుడో ఫైసలా తనవైపే వచ్చినా అప్పటికే మిషన్లు కబాడీకి పోయుంటాయి.

నకలు కొట్టే బడాబాబుల మీద చిన్నోడికీ స్టే కావాలి కదా అంటారు వకీలు సాబులు. బరాబర్ కావాలి. కొత్తదో కాదో వెతికిన రిపోర్టు సర్కారే తన ఖర్చుతో ఇవ్వాలి, అది చూపించి అడుగుతాడు. అవతలివాడి మాట వినకుండా ఎవరికీ స్టే వద్దు. పెద్దోడు అడిగితే, ఓడితే కట్టాల్సిన నష్టపరిహారం ముందే కోర్టులో జమ చేయమనండి.