సుగ్గికి పోయే చేతులకు కీరా ముక్కలా?

చర్మ సంరక్షణ పేరిట పత్రికలు వారం వారం వడ్డించే సలహాలకు నవ్వడం నేను మానేసి చాలాకాలమైంది. పది నుంచి నాలుగు దాకా ఎండలోకి వెళ్లరాదట! ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి (కూలి వలసను మా వైపు అలాగే అంటారు) పోయే ఆడవారితో ఈ మాట అని చూడండి. ఆ పది నుంచి నాలుగే కదా వారి కూలి!

ఎండ తప్పనివారికి చెప్పవలసినవి వేరు. ఎమ్మిగనూరు నేత నూలుగుడ్డ తలకు చుట్టి, చీర మీద నిండు చేతుల చొక్కా తొడగడం ఏ లేపనానికీ తీసిపోదు. మిరప ఘాటు నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కనుక ముందు చేతులకు వేరుసెనగ నూనె రుద్ది, ఆపైన సబ్బుతో కడగాలి. ఈ ముక్కకు పత్రికలో చోటుండదు. కీరా ముక్కలకైతే అరపేజీ!

ఇక తెలుపు యావ. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి ఫెయిర్‌ను తీసేసింది; మన పెళ్లిచూపులు తీసేయలేదు. అంతకన్నా చేటు, చీటీ లేకుండా కొని పూసే స్టెరాయిడ్ లేపనాలు. ముఖాన నాలుగు రోజులు నిగారింపు, తరువాత చర్మం పలచబడి ఎర్రదనం, పొక్కులు. తామరకు రాస్తే దురద తగ్గినట్టే తగ్గి మచ్చ పాకుతుంది. చీటీ లేనిదే ఇలాంటివి అమ్మరాదని 2018లో కేంద్రం నిబంధన బిగించినా, అడిగేవారేరీ?

తామర ఉన్నవారి తువ్వాలు వేరుగా ఉంచి, ఉతికి ఎండలో ఆరవేయాలి. ఆ ఎండకు మాత్రం మా వైపు కరువు లేదు.