టవర్ల భయము, కొలతల లెక్క

శ్రీకాకుళము, విజయనగరము పట్టణములలో ఏ వీధిని నిలిచి తల యెత్తి చూచినను ఏదో యొక మేడమీద సెల్‌ఫోను టవరు కానవచ్చును. దాని చుట్టుపట్ల కాపురముండువారిలో ననేకులకు దానినిగూర్చి యొక దిగులు గలదు. ఆ టవరునుండి వెలువడు రేడియేషను వలన బిడ్డలకు కీడు కలుగునేమో, కాన్సరు పుట్టునేమో యని తల్లులు కలత చెందుచున్నారు. ఈ దిగులునకు కంపెనీలవారు చెప్పు సమాధానము, తాము నిబంధనల ననుసరించి నడచుచున్నామని. ప్రభుత్వమువారు చెప్పు సమాధానము, అపాయమేమియు లేదని. ఈ రెండును సత్యములే కావచ్చును. కాని గృహస్థు అడిగిన ప్రశ్న వేరు. తన యింటిమీద ఎంత రేడియేషను పడుచున్నది, దానిని ఎవరు కొలిచిరి, ఎన్నడు కొలిచిరి, ఆ లెక్క యెక్కడ నున్నది అని యతడడుగుచున్నాడు. అతని ముంగిట నిలిచి ఈ ప్రశ్నకు బదులు చెప్పు బాధ్యత తనదే యని యెవరును అనుకొనుట లేదు. చిక్కంతయు నిందే యున్నది.

మన జిల్లాలవారి భయము అజ్ఞానమువలన పుట్టినదని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. రణస్థలము మండలములోని కొవ్వాడయందు ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల శక్తి గల ఆరు రియాక్టర్లతో అణువిద్యుత్కేంద్రమును నిర్మింప నెంచిన నాటినుండి రేడియేషనను మాట ఈ సముద్రతీర గ్రామములలో ఇంటింట వినబడుచున్నది. ఉద్దానము సంగతి అందఱెఱిగినదే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి యేండ్ల తరబడి కుటుంబములను కూల్చుచుండగా, దానికి మూలకారణమిదియని శాస్త్రజ్ఞులు నిశ్చయముగా తేల్చి చెప్పలేకపోయిరి. పలాసలో వ్యాధి పరిశోధన కేంద్రమును, ఆసుపత్రియు 2023 డిసెంబరులోగాని తెరువబడలేదు. అన్ని యేండ్లు కారణము తెలియని మృత్యువును చూచిన ప్రజలు క్రొత్తగా వచ్చిన ప్రతి వస్తువును అనుమానముతో చూచుట సహజము. అట్టివారికి అపాయము లేదను మాట యొక్కటే చాలదు. ఆధారము చూపవలెను.

ఇక రేడియేషనను నామము ఒక్కటే యైనను, వస్తువులు రెండని చదువరులు గుర్తింపవలెను. అణు పదార్థమునుండియు, ఎక్సురే యంత్రమునుండియు వెలువడునది శరీరకణములలోని అణువుల కట్టును తెంచగల శక్తి గలది. సెల్‌ఫోను తరంగములకు ఆ శక్తి లేదు. అవి విశాఖపట్టణపు ఆకాశవాణి తరంగముల జాతికి చెందినవే. అవి బలముగా తగిలినచోట శరీరధాతువు కొంత వేడెక్కుననుట నిస్సందేహము. వేడికంటె వేఱైన కీడు దీర్ఘకాలమున కలుగునా యనునదే వివాదాంశము.

ఈ వివాదమున ఉభయపక్షముల సాక్ష్యమును మన మెఱుగవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంఘము 2011 మే నెలలో ఈ తరంగములను కాన్సరు కలిగించుటకు అవకాశము గల వస్తువుల జాబితాలో చేర్చెను. ఆ మాట వినగానే గుండె జల్లుమనును. కాని తరువాత కలబంద ఆకును పూర్తిగా పిండి తీసిన సారమును సయితము ఆ తరగతిలోనే చేర్చిరి. అనుమానమునకు కొంత తావున్నది, నిశ్చయమునకు తగిన ఆధారము లేదు అని దాని యర్థము. 2018లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు, దినమునకు తొమ్మిది గంటలు ఒడలంతయు తీవ్రమైన తరంగములకు గురిచేసిన మగ యెలుకల గుండెలలో కంతులు పుట్టినవని ప్రకటించిరి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై జరిగిన సమీక్ష, 63 పరిశోధనలను పరిశీలించి, సెల్‌ఫోను వాడుకకును మెదడు కాన్సరునకును సంబంధము కనబడలేదని తేల్చెను. న్యాయస్థానపు భాషలో చెప్పవలెనన్న, ముద్దాయిపై నేరము రుజువు కాలేదు. అయినను విచారణ ముగియలేదు. ఇట్టి స్థితిలో వలసినది భయమును కాదు, నిర్లక్ష్యమును కాదు. జాగరూకత వలయును.

ఆ జాగరూకతను చట్టరూపమున నెలకొల్పుటలో మన ప్రభుత్వము వెనుకబడలేదని ఒప్పుకొనవలెను. 2008లో కేంద్ర టెలికాం శాఖవారు అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము నిర్ణయించిన మితిని స్వీకరించిరి. 2010లో వివిధ మంత్రిత్వశాఖల ప్రతినిధులతో ఒక సంఘమును నియమించి, దాని నివేదికను పురస్కరించుకొని 2012 సెప్టెంబరు 1వ తేదీనుండి ఆ మితిని పదవవంతునకు దించిరి. 900 మెగాహెర్ట్జుల తరంగములకు చదరపు మీటరునకు 4.5 వాట్లుగా నుండిన మితి 0.45 వాటునకు దిగెను. మధ్యాహ్నపు టెండ చదరపు మీటరునకు రమారమి 1,000 వాట్ల శక్తిని మనపై కురియునన్నచో ఈ సంఖ్య యెంత స్వల్పమో తెలియగలదు. ఎండయు సెల్‌ఫోను తరంగమును ఒక్కటే యని మా యభిప్రాయము కాదు. పరిమాణము బోధపడుటకే ఈ పోలిక. చేతిలోని సెల్‌ఫోను విషయమునను, ఒక గ్రాము శరీరధాతువు గ్రహించు శక్తి సగటున కిలోగ్రామునకు 1.6 వాట్లు మించరాదని శాసించిరి. ఈ మితులు అనేక దేశముల మితులకంటె కఠినములు.

లోపము శాసనమునందు లేదు, అమలునందున్నది. తన టవరు మితికి లోబడి యున్నదని సాక్షిపత్రము వ్రాసి యిచ్చుకొనువాడు ఎవరు? టవరు నడుపు కంపెనీయే. ఆ పత్రములను స్వీకరించు టెలికాం శాఖవారు ఏటేట నూటికి 10 వరకు టవర్లను తామే పోయి పరీక్షింతుమని నియమము పెట్టుకొనిరి. మితి మీఱిన టవరునకు విధించు జరిమానాను 2013లో 5 లక్షల రూపాయలనుండి 10 లక్షలకు పెంచిరి. మంచిదే. కాని తన ఖాతాను తానే తనిఖీ చేసికొని సరిగా నున్నదని సంతకము చేయు గుమాస్తాను ఏ యజమానుడు నమ్మును? పదింటిలో నొకదానిని పరీక్షించినను, ఆ పరీక్షకులు మన వీధికి ఎన్నడు వచ్చిరో, ఏమి చూచిపోయిరో వీధివారికి తెలియదు. 2017 మే నెలలో తరంగ్ సంచార్ అను పేర నొక వెబ్‌సైటును స్థాపించి, ఏ టవరు సంగతియైనను పౌరులు తెలిసికొనవచ్చునని, 4,000 రూపాయలు చెల్లించినచో ఇంటికి వచ్చి కొలిచి చూపుదుమని ప్రకటించిరి. విజయనగరమున మేడలు గల వర్తకునకు నాలుగు వేలు లెక్క కాకపోవచ్చును. ఆముదాలవలసలో రైల్వే కూలికి అది నెలలో సగము దినముల కష్టఫలము. తన ప్రాణరక్షణకై ప్రభుత్వము పెట్టిన నియమము నెఱవేఱుచున్నదో లేదో తెలిసికొనుటకు పౌరుడు రొక్కము చెల్లింపవలసి వచ్చుట ప్రజాస్వామ్యమునకు శోభ నీయదు.

కొలత ప్రజల యెదుట జరుగనందున తగవులు న్యాయస్థానముల కెక్కుచున్నవి. 2012 నవంబరులో రాజస్థాను హైకోర్టు పాఠశాలల మీదను, ఆసుపత్రుల మీదను నున్న టవర్లను తొలగింపుమని ఆజ్ఞాపించెను. 2017లో గ్వాలియరు నగరమునందు ఇండ్లలో పనిచేసి జీవించు నొక కాన్సరు రోగి మొఱ పెట్టుకొనగా, సుప్రీముకోర్టు అతని యింటి సమీపమునందలి బి.ఎస్.ఎన్.ఎల్. టవరును మూసివేయించెను. 2021లో ఐదవతరపు సెల్‌ఫోను సేవలను ఆపుమని చలనచిత్రనటి జూహీ చావ్లా మొదలగువారు తెచ్చిన వ్యాజ్యమును ఢిల్లీ హైకోర్టు త్రోసివేసి 20 లక్షల ఖర్చులు విధించెను. ఆ మొత్తము మఱుసటి యేట 2 లక్షలకు తగ్గింపబడెను. ఒకచోట టవరు మూతపడెను, ఒకచోట ఫిర్యాదికే దండన పడెను. ఈ సందర్భమున మన ప్రాంతపు వ్యాజ్యమొకటి స్మరింపదగినది. హైదరాబాదు తాగునీటి చెరువులగు హిమాయత్‌సాగరు, ఉస్మాన్‌సాగరుల సమీపమున పెట్టదలచిన నూనె కర్మాగారమునుగూర్చి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికిని ఆచార్య ఎం. వి. నాయుడుగారికిని నడచిన వ్యాజ్యమున, 1999లో సుప్రీముకోర్టు ఒక ధర్మమును సుస్పష్టము చేసెను. శాస్త్రము నిశ్చయముగా పలుకలేని చోట, ఉన్న స్థితిని మార్పగోరువాడే తన పనివలన కీడు లేదని రుజువు చేయవలెననునది ఆ ధర్మము. టవర్ల విషయమున ఆ రుజువు మఱేమో కాదు; కంపెనీ తన కచేరీలో దాచుకొన్న కాగితము కాక, వీధివారి సమక్షమున తీసిన కొలతయే.

టవరును గూర్చిన భయములో ఒక పొరపాటును దిద్దుట కూడ మా విధి. టవరు తరంగము కళింగపట్నపు దీపస్తంభపు వెలుగువంటిది. దీపము అడ్డముగా దూరమునకు పోవును. స్తంభపు మొదట చీకటియే. టవరు పెట్టిన యింటివానికంటె, యాంటెన్నాకు సూటిగా, దాని యెత్తుననే యున్న ఎదుటి మేడవానికి తరంగము హెచ్చుగా తగులును. అందుచేతనే టెలికాం శాఖవారు యాంటెన్నా యొక్కటియే యున్నచో దాని యెదుట 20 మీటర్లలోపల, రెండున్నచో 35 మీటర్లలోపల ఆ యెత్తు గల కట్టడము ఉండరాదని సూచించిరి. అద్దె యొకనికి, అనుమానము వీధికంతకు అనునట్లున్న నేటి స్థితిలో ఈ దూరములను కొలత బద్దతో ఎవరైనను సరిచూడవచ్చును. మన పురపాలక సంఘములు టవరునకు అనుమతి నిచ్చునపుడు ఈ పాటి చూచుచున్నవా యని సభ్యులు ప్రశ్నింపవలెను.

దూరము రెట్టింపైనచో తరంగబలము నాలుగవవంతునకు తగ్గును. కావున వంద గజముల దూరమున నున్న టవరుకంటె, చెవికి ఆనించిన సెల్‌ఫోనువలననే మన తలకు ఎక్కువ తరంగము తగులుట సామాన్యము. మఱియు టవరు దూరమైనకొలది సెల్‌ఫోను దానిని అందుకొనుటకై తన బలమును హెచ్చించుకొనును. వీధిలోని టవరును పెరికివేయించి, బలహీనమైన సంకేతముతో గంటలకొలది మాటలాడువాడు తన తలకు తానే ఎక్కువ తరంగమును తెచ్చుకొనుచున్నాడు. మన్యమునందు టవరు లేకపోవుటవలన కలుగు కష్టమును మఱువరాదు. 2023 జూనులో రాష్ట్ర ప్రభుత్వము ఒక్కసారిగా ఆరంభించిన 100 టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాకును, 10 పార్వతీపురం మన్యం జిల్లాకును చెందినవి. కొండమీది గూడెమున గర్భిణికి నొప్పులు వచ్చినప్పుడు 108 వాహనమును పిలుచుటకు సంకేతము అందనిచో ఏమగునో సాలూరు, కురుపాము, సీతంపేట ప్రాంతములవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

చేతిలోని సెల్‌ఫోను మితిని సయితము కంపెనీ మాటమీదనే నమ్మి యూరకుండరాదు. 2023 సెప్టెంబరులో ఫ్రాన్సు ప్రభుత్వ పరీక్షకులు, మూడేండ్లుగా అమ్ముడుపోవుచున్న ఐఫోన్ 12ను పరీక్షించి, చేతికి ఆనియున్నపుడు అది 4 వాట్ల మితికి బదులు 5.74 వాట్లు చూపుచున్నదని తెలిసికొని, అమ్మకమును నిలిపివేసిరి. అంత పెద్ద కంపెనీయు దిగివచ్చి సవరణ చేసెను. అచ్చట ప్రజలను రక్షించినది మితి యొక్కటియే కాదు, పరీక్షయు.

కావున మా కోరికలు స్వల్పములు, ఆచరణ సాధ్యములు. ప్రతి టవరు మొదటను నడుపు కంపెనీ పేరు, కడపట కొలిచిన తేదీ, వచ్చిన అంకె, చట్టపు మితి, ఈ నాలుగును తెలుగులో వ్రాసిన పలకను కట్టవలెను. పాఠశాలల, ఆసుపత్రుల సమీపమునందలి టవర్లను ఏటికొకసారి వార్డు సభ్యుల, పంచాయతీ సభ్యుల సమక్షమున రుసుము లేకుండ కొలిచి చూపవలెను. జిల్లాకొక టెలికాం సమితిని నెలకొల్పి ప్రజల ఫిర్యాదులు వినవలెనని 2013లోనే కేంద్రమువారు రాష్ట్రములకు సూచించి యున్నారు. శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టరులు ఆ సమితిని బహిరంగముగా సమావేశపఱచి, దాని నిర్ణయములను పత్రికలకు ఇయ్యవలెను. అంగడిలో అమ్ముడుపోవు సెల్‌ఫోనులను ప్రభుత్వమే యదృచ్ఛగా కొని, పరీక్షించి, ఫలితములను ప్రకటింపవలెను. ఇందుకై క్రొత్త శాసనము వలదు. ఉన్నదానిని వెలుగులోనికి తెచ్చు సంకల్పము చాలును.

పౌరుల కర్తవ్యమును కలదు. పుకారు విని టవరుమీదికి పోవుట పౌరధర్మము కాదు. అంకె యడుగుట పౌరధర్మము. దీర్ఘ సంభాషణలకు చెవి తీగలనో, స్పీకరునో వాడుడు. పసిపిల్లల తలదిండు క్రింద సెల్‌ఫోనును ఉంచకుడు. కొనునపుడు దాని రేడియేషను అంకె యెంతయని దుకాణదారును అడుగుడు. ప్రతి పఠనమందిరమునను పదిమంది చేరి, తమ వార్డులోని టవర్ల పట్టిక వ్రాసి, ఒక్కొక్కదాని కొలత యేదియని సంబంధిత శాఖకు సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టుడు. దరిద్రరేఖకు దిగువనున్నవారు ఆ యర్జీకి రుసుము కట్టనక్కఱలేదు.

గాలి అందఱిది. ఆ గాలిలోనికి ఏమి వదలుచున్నారో తెలిసికొను హక్కును అందఱిదే. పాలకులు లెక్క చూపినచో భయము తనంతట తానే సగము తొలగిపోవును. లెక్క చూపనంతకాలము, అపాయము లేదని నూఱుమాఱులు చెప్పినను జనులు నమ్మరు. నమ్మవలసిన పనియు లేదు.