జీతం అడిగితే తప్పా?

ఆడదాని వయసూ, మగవాడి జీతమూ అడగకూడదన్నారు మన పెద్దలు. మరి ఆడదాని జీతం సంగతో? ఆవిడకీ ఓ జీతం ఉంటుందని వాళ్ళకి తోచినట్లు లేదు!

ఈ గుట్టు వల్ల లాభం ఎవరికో యూరప్ వాళ్ళు ఆలస్యంగానైనా గ్రహించారు. సమాన వేతనమని 1957లోనే రోమ్ ఒప్పందంలో రాసుకున్నారు. రాసుకుంటే సరా? బెల్జియంలో గాబ్రియెల్ డెఫ్రెన్ అనే ఎయిర్ హోస్టెస్ తనతో పనిచేసే మగవాళ్ళతో సమానంగా జీతం ఇమ్మని కోర్టుకెక్కితే, ఆ రాత కోర్టుల్లో చెల్లుతుందని 1976లో గాని తేలలేదు. నలభై నిండగానే ఆడవాళ్ళని మాత్రం ఇంటికి పంపేసే ఉద్యోగం లెండి అది!

2023లో యూరోపియన్ యూనియన్ మరో ఆదేశం తెచ్చింది. 2026 జూన్ 7 లోగా సభ్యదేశాలు దాన్ని తమ చట్టాల్లో చేర్చాలని గడువు. ఉద్యోగమిచ్చేవాడు జీతమెంతో ముందే చెప్పాలి. "ఇదివరకు నీకెంత ఇచ్చేవారు?" అని అడగరాదు. నాకు బాగా నచ్చింది ఇదే. మొదట తక్కువకి కుదిరిన పిల్లని ఆ తక్కువ ఎన్ని ఉద్యోగాలు మారినా వెంటాడుతుంది కదా!

జీతాలు బయటపడితే ఆఫీసుల్లో తగువులొస్తాయట. రానివ్వండి. పక్కింటావిడ వంకాయలు ఎంతకు కొన్నదో కనుక్కోకుండా మనం బేరమాడతామా? ఒకే పనికి రెండు రకాల కవర్లిచ్చినవాడిది తగువు గాని, విప్పి చూసుకున్నావిడది కాదు.

అన్నట్టు, వందమంది లేని కంపెనీలు ఆడ మగ జీతాల తేడా లెక్క చూపాలని ఆ ఆదేశం పట్టుబట్టదు. అదొక్కటీ నాకు మింగుడుపడలేదు.